మేనత్తా, మేనకోడలూ, ఒక రూళ్ల నోటుబుక్కు

"అత్తా, వాళ్లిద్దరూ ఒక్కసారైనా రాజు గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకున్నారా?"

ఇంటర్వెల్లో మా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. 2025 కనుమ నాడు, రాజమండ్రిలో ఫస్ట్ షో, 'సంక్రాంతికి వస్తున్నాం'. మధ్యాహ్నం తిన్న గారెలూ నాటుకోడి పులుసూ ఇంకా కడుపులోనే ఉన్నాయి. హాలంతా అప్పటిదాకా ఒకటే నవ్వు. నేనైతే పైటకొంగుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వాను. ఈ పిల్ల నవ్వుతూనే వేళ్లమీద ఏదో లెక్కపెడుతోంది. హైదరాబాద్‌లో జర్నలిజం చదువుతోంది లెండి. సినిమాని తూచడానికి అక్కడ వాళ్లకి రకరకాల తూనికరాళ్లు ఇస్తారట.

నేను ముప్పైనాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. పక్కన ఎవరైనా లెక్కపెడుతుంటే చూస్తూ ఊరుకోలేను. ఇంటికొచ్చి రూళ్ల నోటుబుక్కు తీసి నిలువుగీతలు కొట్టాను. పాత్రకి పేరుందా, ఏం పని చేస్తుంది, ఎవరితో దేని గురించి మాట్లాడింది. మేనకోడలు సెలవులయ్యి వెళ్లిపోయాక కూడా నాకు ఆ పిచ్చి వదల్లేదు. పాత కామెడీలూ కొత్త కామెడీలూ వరసబెట్టి చూస్తూ, పాజ్ నొక్కుతూ, టిక్కులు పెడుతూ కూర్చున్నాను.

మేనకోడలి ప్రశ్నకి బెక్‌డెల్ పరీక్ష అని పేరు. 1985లో అమెరికాలో ఆలిసన్ బెక్‌డెల్ అనే కార్టూనిస్టు గీసిన బొమ్మల కథలో ఇద్దరు ఆడవాళ్లు సినిమాకి పోదామా అనుకుంటారు. అందులో ఒకామెకి మూడు షరతులున్నాయి. సినిమాలో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఆ మాట మగాడి గురించి కాకుండా ఉండాలి. ఈ లెక్కన ఆమె చివరిసారి చూడగలిగిన సినిమా 'ఏలియన్'. అందులో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునేది భూతం గురించి మరి! ఈ ఆలోచన తన స్నేహితురాలు లిజ్ వాలెస్‌దని బెక్‌డెల్ చెప్పుకుంది. నాకు ముచ్చటేసింది ఏమిటంటే, ఇప్పుడు పెద్ద పెద్ద యూనివర్సిటీలవాళ్లు మొహం సీరియస్‌గా పెట్టి వాడే ఈ తూనికరాయి పుట్టడమే ఒక జోకుగా పుట్టింది.

ఆ తర్వాత లెక్కలవాళ్లు చాలామందే వచ్చారు. హాలీవుడ్ నటి జీనా డేవిస్ తన కూతురితో కూర్చుని పిల్లల కార్యక్రమాలు చూస్తూ, వీటిలో ఆడపిల్లలు ఇంత తక్కువున్నారేమిటని 2004లో ఏకంగా ఒక సంస్థే పెట్టింది, తెరమీద ఎవరెంత కనిపిస్తున్నారో లెక్కించడానికి. మన దేశంలో ఆర్మాక్స్ మీడియా, ఫిల్మ్ కంపానియన్ కలిసి తెచ్చిన 'ఓ ఉమనియా' నివేదికల్లో ట్రైలర్లలో ఆడగొంతు ఎంతసేపు వినిపించిందో కూడా కొలుస్తారు. ఇంకొకటుంది, నాకు బాగా నచ్చింది. కామిక్స్ రాసే కెల్లీ స్యూ డికానిక్ చెప్పింది: సినిమాలో ఆడపాత్రని తీసేసి అక్కడ ఒక అందమైన దీపం పెట్టండి, కథ మామూలుగా నడిచిపోతే ఆ పాత్ర దండగ. ఈ లెక్కన మన సినిమాల్లో ఎన్ని పెట్రోమాక్స్ లైట్లు స్విట్జర్లాండ్ వెళ్లి పాటలు పాడి వచ్చాయో!

సరే, నా నోటుబుక్కు సంగతి. 'సంక్రాంతికి వస్తున్నాం'లో మీనాక్షి చౌదరి వేసింది పోలీసు అధికారి పాత్ర. కిడ్నాపైన పెద్దమనిషిని విడిపించే పనిమీద, అత్తారి ఊళ్లో కాపురం పెట్టి హాయిగా ఉన్న పాత ప్రియుడు రాజుని, అంటే మన వెంకటేష్‌ని, వెతుక్కుంటూ వస్తుంది. పేరు, ఉద్యోగం, అధికారం అన్నీ ఉన్నాయి. ఐశ్వర్యా రాజేష్ వేసిన భాగ్యం పల్లెటూరి ఇల్లాలు. మొగుణ్ణి ఒంటరిగా పంపించనని తనూ బయల్దేరుతుంది. కాగితం మీద మీనాక్షికే ఎక్కువ మార్కులు. మూడో గడి దగ్గర మాత్రం ఇద్దరూ తప్పారు. వాళ్లమధ్య మాట ఎటు పోయినా చివరికి రాజు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

లెక్క అక్కడితో అయిపోవాలి. కానీ ఆ రాత్రి ఆటోలో ఇంటికొస్తూ మేము ఎవరి మాటలు అనుకరించుకుంటూ వచ్చాం? భాగ్యం మాటలు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి ఒకటి అందించాడు. పోలీసు అధికారి ఏమందో ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు. పోలీసు డ్రస్సు వేస్తే టిక్కు పడింది గానీ నవ్వు పడలేదన్నమాట. కామెడీ సినిమాలో నవ్వే కదా అధికారం!

అందుకని నాలుగో గీత కొట్టాను. నవ్వు ఎవరి చేతిలో ఉంది?

ఇది చెప్పినంత సులువు కాదు. నవ్వించడం వేరు, నవ్వులపాలవడం వేరని అందరికీ తెలుసు. కానీ దెబ్బలు తినేవాడు నవ్వులపాలైనట్టే అనుకుంటే 1987 నాటి 'అహ నా పెళ్ళంట'లో అరగుండు పాత్ర ఏమవుతుంది? పిసినారి యజమాని దగ్గర నానా అవస్థలూ పడే పనివాడు. జీతం లేదు, తిండి లేదు, సగం గుండు. అయినా బ్రహ్మానందం నోరు విప్పితే ఆ సీను ఆయనది. ఎదురుగా కోట శ్రీనివాసరావంతటి నటుడు ఉన్నా సరే. పాత్ర ఎంత కిందనున్నా తాళం దాని చేతిలో ఉంటే ఆ గడిలో టిక్కు పెట్టాల్సిందే. ఈ నాలుగో గడి చేతికొచ్చాక నేను దర్శకుడు జంధ్యాల సినిమాలకి వెళ్లాను. వెళ్లాను అనేకంటే, తిరిగి ఇంటికొచ్చాను అనాలి.

నాకు ఉద్యోగమొచ్చింది 1984లో. మొదటి జీతంతో అమ్మని తీసుకెళ్లిన సినిమా 'శ్రీవారికి ప్రేమలేఖ'. అందులో హాస్యనటి శ్రీలక్ష్మి ఒక సినిమాపిచ్చి ఇల్లాలు. దొరికినవాణ్ణి కూర్చోబెట్టి సినిమా కథ చెబుతుంది. కథంటే కథ కాదు, టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. వినేవాడు పారిపోలేడు, ఉండలేడు. అమ్మ ఆ రోజు నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. మా వీధిలో అలాంటివాళ్లు కనీసం ముగ్గురున్నారు, అందులో అమ్మ ఒకతి.

మా మేనకోడలు ఈ సీను చూసి, "ఆడవాళ్లకి పనీపాటా లేక సినిమాల పిచ్చని వెక్కిరించడమే కదా అత్తా?" అంది. వెక్కిరింపే, కాదనను. కానీ ఆ సీన్లో గడియారం శ్రీలక్ష్మి చేతిలో ఉంటుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఊపిరి తీసుకోవాలో, ఎదుటివాడు ఎప్పుడు డీలాపడాలో అన్నీ ఆమె ఇష్టం. పైగా ఆమె మాట్లాడేది మొగుడి గురించి కాదు, సినిమా గురించి. ఆ చిత్రకథకి మూలం పొత్తూరి విజయలక్ష్మి నవల అని చాలామందికి గుర్తుండదు. ఊరూపేరూ లేని మగాడికి సరదాగా ప్రేమలేఖ రాసే అమ్మాయి చిలిపితనం ఒక రచయిత్రి కలంలోంచి వచ్చింది. తెరవెనక ఎవరున్నారన్నది కూడా లెక్కలో వెయ్యాలంటారు కదా, ఇదిగో, వేశాను.

'చంటబ్బాయ్' దగ్గరికొచ్చేసరికి నా పెన్ను తడబడింది. 1986 సినిమా. అందులో శ్రీలక్ష్మి పత్రికవాళ్లని కవితలతో హడలెత్తించే రచయిత్రి. ఇప్పుడు చూసినా పొట్ట చెక్కలవుతుంది. కానీ అది ఏ కాలం? యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచనలాంటివాళ్ల సీరియల్స్ కోసం మా హాస్టల్లో వారపత్రిక చేతులు మారి మారి నలిగిపోయిన రోజులు అప్పటికింకా పాతబడలేదు. సరిగ్గా ఆడవాళ్లు రాసి పేరూ డబ్బూ సంపాదిస్తున్నప్పుడు 'రచయిత్రి' అంటే నవ్వొచ్చే పాత్రగా తెరకెక్కింది. ఆ ఉక్రోషం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఆ గడిలో టిక్కు పెట్టి, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను. లెక్కల టీచరు జీవితంలో అలా రెండూ పెట్టడం ఇదే మొదటిసారి.

'జయమ్ము నిశ్చయమ్మురా'లో 'బాబూ చిట్టీ' అంటూ కోట శ్రీనివాసరావుని వెంటాడే తల్లిగా శ్రీలక్ష్మిని మరిచిపోయినవాళ్లు మా తరంలో ఉండరు. అక్కడ బిక్కచచ్చిపోయేది కోట, ఆడించేది ఆమె. కానీ ఇన్ని చేసిన మనిషికి సినిమా మొత్తం మోసే పాత్ర ఎవరిచ్చారు? పది నిమిషాలు వచ్చి హాలుని దున్నేసి వెళ్లిపోవడమే. కథ ఎప్పుడూ వేరే జంటది.

అసలు ఆడది నవ్వించడమంటేనే మనవాళ్లకి కొంచెం ఇబ్బంది. నేను చేరిన రెండో ఏడో మూడో ఏడో, స్కూలు వార్షికోత్సవానికి టీచర్లం హాస్యనాటిక వేద్దామనుకున్నాం. గయ్యాళి అత్త పాత్ర నేను వేస్తానన్నాను. "మీరు స్టేజీమీద అలా వేస్తే రేపు క్లాసులో పిల్లలు మాట వింటారా అమ్మా?" అన్నారు పెద్దలు. ఆడ టీచర్లం ప్రార్థన పాడాం. అత్త పాత్ర డ్రిల్లు మాస్టారు చీరకట్టుకుని వేశారు. ఆయన మాట పిల్లలు మర్నాడు బాగానే విన్నారు మరి. సినిమాల్లోనూ అంతే, 'చిత్రం భళారే విచిత్రం'లో నరేష్, 'మేడమ్'లో రాజేంద్రప్రసాద్ చీర కట్టి సినిమా అంతా నడిపించారు. వాళ్లు బాగా చేశారు, అందులో అనుమానం లేదు. చీరకట్టుకుని నవ్వించే పాత్రకి మొదటి నుంచి చివరిదాకా చోటుంది, అది కట్టింది మగవాడైతే.

ఇప్పుడు మేనకోడలి దగ్గరికొస్తాను. మా మేనకోడలు కాదు, శ్రీలక్ష్మి మేనకోడలు. భాగ్యం వేసిన ఐశ్వర్యా రాజేష్ ఆమెకి సొంత తమ్ముడి కూతురు. తాత అమర్‌నాథ్ నటుడు, తండ్రి రాజేష్ 1983లో జంధ్యాల తీసిన 'రెండు జెళ్ళ సీత'లో నలుగురు కుర్రాళ్లలో ఒకడు. అందులో ఇంకో కుర్రాడు నరేష్, 'సంక్రాంతికి వస్తున్నాం'లో ముఖ్యమంత్రి. చిన్నతనంలోనే తండ్రి పోయి, చెన్నైలో పెరిగిన ఈ అమ్మాయి తమిళంలో 'కాక్కా ముట్టై'లో మురికివాడ తల్లిగా పేరు తెచ్చుకుంది. రంగు తక్కువని, హీరోయిన్‌గా పనికిరావని ఎన్ని గుమ్మాల్లోంచి తిప్పిపంపారో సభల్లో నిలబడి తనే చెప్పింది. అలాంటి అమ్మాయి పండక్కి వచ్చే పెద్ద సినిమాలో వెంకటేష్ పక్కన భార్య. పది నిమిషాలొచ్చి వెళ్లే పాత్ర కాదు, మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. మేనత్తకి దక్కనిది మేనకోడలికి దక్కింది.

అలాగని భాగ్యం జోకులు కొత్తవా? కావు. మొగుడి మీద అనుమానం, పాత ప్రియురాలి మీద అసూయ. మన కామెడీ ఈ చిల్లరని ఎప్పట్నుంచో చలామణీ చేస్తోంది. ఆ చిల్లరని ఆమె ఖర్చుపెట్టిన తీరు ఆమెది, అంతవరకే నా మెచ్చుకోలు.

ఇంకో సంగతి యాస. మేము గోదారోళ్లం. 'ఆయ్' అన్నామంటే చాలు హైదరాబాద్‌లో నవ్వుతారు, మాటేమిటో వినకముందే. అయితే మాకు జరిగింది వెక్కిరింతే, తెలంగాణవాళ్లకి జరిగింది అన్యాయం. చాలాకాలం ఆ యాస రౌడీకో, విలన్‌కో, కామెడీకో. 1985 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో భయపెట్టి, నవ్వించి స్టార్ అయ్యారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. తెలంగాణ శకుంతల ఇంటిపేరే తెలంగాణ అయిపోయింది, పుట్టింది మహారాష్ట్రలో.

'జాతి రత్నాలు' 2021లో వచ్చింది. జోగిపేట నుంచి వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు, అందరిదీ అదే యాస. ఆ సినిమా రెండోసారి చూస్తున్నప్పుడు నాకో చిన్న సూత్రం దొరికింది. పదిమంది పుస్తకాల తెలుగు మాట్లాడుతూ ఒక్కడు యాస మాట్లాడితే, ఆ యాసే జోకు. పదిమందీ యాసే మాట్లాడితే, జోకు కోసం రచయిత ఇంకెక్కడైనా వెతుక్కోక తప్పదు. ఆ ముగ్గురి తెలివితక్కువతనం వాళ్లది, వాళ్ల జిల్లాది కాదు. 2023లో 'బలగం'లోనూ ఇదే. చావింట్లో నవ్వు పుట్టించారు గానీ సిరిసిల్లవైపు మాటని చూసి నవ్వమనలేదు. 'అంటే సుందరానికీ'లో లీలా థామస్ ఇంటి క్రైస్తవం కూడా ఇలాగే అనిపించింది నాకు. సుందరం ఇంటి ఆచారం ఎంత నవ్వు తెప్పిస్తుందో అదీ అంతే, ఒకటి మామూలూ ఇంకొకటి వింతా అన్నట్టు లేదు.

ఈ సూత్రం పెట్టి చూస్తే మిగిలినవి గబగబా తేలిపోతాయి. ట్రాన్స్‌జెండర్ మహిళలు మన కామెడీల్లో ఎక్కువగా ఒంటరిగానో గుంపుగానో వచ్చి, చప్పట్లు కొట్టి, హీరోని కంగారుపెట్టి పోతారు. మొదటి గడిలోనే ఆగిపోతుంది నా పెన్ను, పేరే ఉండదు. లావుగా ఉన్నవాళ్లకి పేరుంటుంది, కానీ అది వాళ్ల బరువు మీదే పెడతారు.

నత్తి దగ్గర మాత్రం నేను తటస్థంగా ఉండలేను. మా తమ్ముడికి, అంటే మేనకోడలి నాన్నకి, చిన్నప్పట్నుంచీ నత్తి. 'భ' అక్షరం దగ్గర ఇరుక్కుపోయేవాడు. 2022లో 'ఎఫ్3'కి ఇంటిల్లిపాదీ వెళ్లాం. దర్శకుడు 'సంక్రాంతికి వస్తున్నాం' తీసిన అనిల్ రావిపూడే. అందులో వెంకటేష్‌కి రేచీకటి, వరుణ్ తేజ్‌కి నత్తి. ఇద్దరూ హీరోలే, ఆ లోపాల్ని దాచుకోవడానికి పడే పాట్లే నవ్వు. హీరోకి లోపం పెట్టారంటే అభివృద్ధే అని వాదించవచ్చు, నేనూ వాదించాను. మా తమ్ముడు మొదటి నత్తి సీనుకి నవ్వాడు కూడా. రెండోదానికి ఫోను తీశాడు. మూడోదానికి బాత్రూముకని బయటికి వెళ్లి, ఇంటర్వెల్ దాకా రాలేదు. వరుణ్ తేజ్ నత్తి సినిమా అవగానే పోతుంది. నోటుబుక్కులో ఆ సినిమాకి నాలుగో గడిలో ఏం రాయాలో నాకిప్పటికీ తెలియదు, ఖాళీగానే ఉంచాను.

అన్ని గడులూ నిండిన సినిమా ఒక్కటి దొరికింది, 2019 'ఓ! బేబీ'. కొరియన్ 'మిస్ గ్రానీ'కి తెలుగు రూపం. దర్శకురాలు నందినీ రెడ్డి. డెబ్భై ఏళ్ల బామ్మ ఫొటో స్టూడియోలోంచి పాతికేళ్ల పిల్లై బయటికొస్తుంది. సమంత ఆ పడుచు ఒంట్లో ముసలి నడక నడిచి, ముసలి తిట్లు తిట్టి, సినిమా అంతా ఒంటిచేత్తో నవ్విస్తుంది. ఈ సినిమాకి నేనిచ్చే మార్కులు నూటికి తొంభై. పది ఎందుకు తగ్గించానంటే, నాకిప్పుడు అరవైయైదు. ముసల్ది నవ్వించాలంటే ముందు పడుచుపిల్ల కావాలా? బామ్మగా వేసిన లక్ష్మి అలాగే ఉండి, ఆ మోకాళ్లనొప్పులతోనే రెండున్నర గంటలు నవ్వించగలదు, నాకు తెలుసు. అదీగాక, ఆడవాళ్లు డైరెక్ట్ చేయడం మనకేదో నిన్నమొన్నటి వింత అన్నట్టు మాట్లాడతారు. నరేష్ వాళ్లమ్మ విజయనిర్మల 44 సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకానికెక్కింది. 44 తర్వాత లెక్క పెరగాలి, ఇంకా వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాం.

కనుమ రాత్రి మేము ఇంటికొచ్చేసరికి పదిన్నర. మా అమ్మకి ఎనభై ఏడు. ఇప్పుడు హాల్లో కూర్చోలేదు, ఆ సౌండుకి గుండె దడ అంటుంది. మంచంమీద కాళ్లు చాపుకుని మాకోసమే మేలుకుని ఉంది. "ఎలా ఉందే?" అంది. మేనకోడలు టీవీ కట్టేసి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. నేను కుర్చీ లాక్కున్నాను.

"ముందు శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ అని పడుతుందమ్మా. తర్వాత సమర్పణ దిల్ రాజు..."

అమ్మ పళ్లులేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఎక్కడ దొంగిలించానో ఆవిడకి తెలుసు. మేనకోడలికి అప్పటికింకా తెలియదు, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నేను టైటిల్స్ పూర్తిచేసి, కిడ్నాపు దగ్గరికొచ్చి, రాజు ఎవరు, ఎందుకు సస్పెండయ్యాడు, ఎవర్ని ప్రేమించాడు అని ఆయాసపడుతూ చెబుతుంటే అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆయన సంగతి తర్వాత చెబుదువుగాని. శ్రీలక్ష్మి మేనకోడలు ఉందన్నావు కదే, ఆ పిల్ల ఏమందో చెప్పు."